గట్టయ్య తోడిన నీళ్ళు

గోదావరిఖనిలో గంగ దిక్కుకు, అంటే గోదావరి వైపు, పోయే పెద్ద రోడ్డు మీద జగదీశ్వర్ పెట్రోలు బంకు ఉంది. దాని వెనక గోడను ఆనుకుని ఒక గల్లీ మిట్టకు ఎక్కుతుంది. ఆ గల్లీలో మొదటి ఇల్లు గట్టయ్యది. అక్కడ ఎవరినైనా అడిగి చూడండి, గట్టయ్య నిమ్మళంగా కూర్చుని ఉండగా చూశానని ఒక్కరూ చెప్పరు. భార్య సారవ్వ పీట వేసి కంచం పెడితే, ఆ పీట మీద ఒక కాలు పెట్టి నిలబడే నాలుగు ముద్దలు మింగి, మోటరు చప్పుడు సరిగా వస్తున్నదో లేదో అని బావి వైపు చెవి పెట్టేవాడు. రిటైరైన మనిషివి కదా, కాసేపు నడుం వాల్చమని ఎవరైనా అంటే ఆయనకు అదొక తిట్టులాగా వినబడేది.

ఆయన్ని అలా తయారుచేసింది బొగ్గు గని. మంథని అవతలి పల్లె నుంచి పడుచుతనంలో వచ్చి, రానివాళ్ళ బదులు దిగే బదిలీ ఫిల్లరుగా చేరి టబ్బుల్లోకి బొగ్గు ఎత్తాడు. బొగ్గు టబ్బు కాలి మీద పడి కుంటితనం వచ్చాక, కంపెనీ వాళ్ళు ఆయన్ని పంపు ఖలాసీని చేశారు. చూసేవాళ్ళకు అది పనిలాగా కనబడదు. బరువెత్తేది లేదు, చెమటోడ్చేది లేదు. కాని భూమి అడుగున నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. వాటిని కింది సంపు నుంచి పై సంపుకు, అక్కడి నుంచి ఇంకా పైకి, అంచెలంచెలుగా ఎక్కించి బయట పారబోయాలి. చెయ్యి పంపు మీద, చెవి దాని చప్పుడు మీద ఉండాలి. బయట పడ్డ నీళ్ళు ఏ వాగులో కలిశాయో ఖలాసీకి అక్కర్లేదు. మనుషులు పనిచేసే చోటుకు రాకపోతే చాలు.

ఒకసారి రెండో షిఫ్టులో పంపు ఆగిపోయి నీళ్ళు నడుము దాకా వచ్చాయి. అందరూ పైకి పరుగెత్తారు. గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్ మన్సూర్ ఒక్కడు వెనక్కి వచ్చి, కుంటి కాలుతో చీకట్లో తడుముకుంటున్న గట్టయ్యను రెక్క పట్టి లాక్కుపోయాడు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ షిఫ్టు తర్వాత మాత్రం గట్టయ్య బుర్రలో ఒకటే నాటుకుంది. నీళ్ళతో ముప్పు వస్తే తోడాలి, తోడి పైకి పంపాలి, చెయ్యి ఆపకూడదు.

ఆ ఇద్దరూ ఒకే ఏడాది కొలువు దిగిపోయి, ఒకే గల్లీలో ఇళ్ళు కట్టుకున్నారు. గట్టయ్య కింద, బంకు గోడ పక్కన. మన్సూర్ పైన, మిట్ట మీద. ఎవరి బావి వాళ్ళు తవ్వుకున్నారు. మన్సూర్ ఎక్కువ కాలం బతకలేదు. రొమ్ములో బొగ్గు ధూళి చేరి దవాఖాన చుట్టూ తిరిగి తిరిగి పోయాడు. ఆయన భార్య సర్వరీ బేగం ఇంటి పక్క జాగాలో మొగుడు పోసిపెట్టిన మడుల్లోనే పాలకూర, మెంతి, కొత్తిమీర, గంగవాయిలి కూర వేసి, పొద్దున్నే కట్టలు కట్టుకుని షేరాటోలో మార్కెట్టుకు పోయేది. కొడుకు అబూబకర్ ఇంటి ముందర రేకులు వేసుకుని బండ్లు, ఆటోలు బాగుచేసేవాడు. నల్లా వచ్చాక గల్లీలో తాగడానికి బావి నీళ్ళు ఎవరూ ముట్టడం లేదు గాని, సర్వరీ బేగం ఆకుకూరలకు ఆ బావే తల్లి.

మొన్నటి వానాకాలం ముసురు పట్టి విడిచాక, ఒక పొద్దున సారవ్వ బట్టలు నానబెట్టబోయి బకెట్టు పక్కకు తోసింది. నీళ్ళు లారీ వాసన కొడుతున్నాయంది. గట్టయ్య దోసిట్లో పట్టి చూశాడు. నీళ్ళ మీద రంగులు తిరుగుతున్నాయి. డీజిల్ అని చెప్పడానికి చదువుకున్నవాళ్ళు రావలసిన పని లేదు. గోడ అవతల బంకు టాంకులు భూమిలో పూడ్చి ఉన్నాయని గల్లీలో అందరికీ తెలుసు. వేరే మనిషైతే నేరుగా పోయి బంకు వాళ్ళ గల్లా పట్టుకునేవాడు. గట్టయ్య పోయి మోటరు స్విచ్చి వేశాడు.

తోడిన నీళ్ళు మొదట గల్లీ మోరీలోకి వదిలాడు. అవి కిందికి పారి పెద్ద రోడ్డు మీద మడుగు కడితే, మున్సిపాలిటీ జవాను వచ్చి నాలుగు మాటలు అని పోయాడు. అప్పుడు ఆయనకు గని బుద్ధి పుట్టింది. మిట్ట మీద, సర్వరీ బేగం ఇంటి వెనక, ఒకప్పుడు ఇటుకల కోసం మట్టి తీసిన గుంత ఒకటుంది. సర్కారు తుమ్మలు అల్లుకుపోయి ఎవరూ తొంగిచూడని జాగా. దాని పక్కనే గట్టయ్యవి నాలుగు నిమ్మచెట్లు. వాటికి నీళ్ళు పెట్టే పైపు గల్లీ పొడుగునా ఎప్పుడూ పరచి ఉండేదే కాబట్టి అది కొత్తగా ఎవరి కంట్లోనూ పడదు. ఆ పైపు కొసను చెట్ల పాదుల్లోంచి తీసి గుంతలో వేశాడు. కింది నీళ్ళను పైకి ఎక్కించడం, ఎక్కించి పారబోయడం, జన్మంతా చేసిన పనే. గుంతలో పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోతుంటే ఆయనకు లోపల్లోపల సంతోషం కూడా వేసింది.

బావి మాత్రం తేటపడలేదు. తోడినకొద్దీ వాసన పెరిగింది, పెరిగినకొద్దీ ఆయన ఇంకా తోడాడు. ఫుట్‌వాల్వు మార్చాడు. ఉన్న మోటరు చాలదని తెలిసినవాళ్ళ దగ్గర ఇంకో పెద్దది పట్టుకొచ్చి బిగించాడు. పొద్దున లేస్తే అదే గోల, తిని చెయ్యి కడుక్కుంటే అదే గోల. ఆ ఇంట్లో రెండు మాటలు మాట్లాడుకోవాలంటే సారవ్వ మొగుణ్ణి వీధి చివరికి తీసుకుపోవలసి వచ్చేది.

ఈలోగా గల్లీ వాళ్ళు పెద్దపల్లి పోయి కలెక్టరాఫీసు ప్రజావాణిలో దరఖాస్తు పెట్టుకున్నారు. ఆఫీసర్లు వచ్చి బంకు టాంకులను పరీక్ష చేయిస్తే, పాత డీజిల్ టాంకు అడుగు తుప్పు పట్టి కారుతున్నదని తేలింది. జగదీశ్వర్ బుకాయించలేదు. బంకు మూసి, టాంకు తవ్వి తీయించి, పాడైన నేలను శుభ్రం చేసే పని హైదరాబాదు వాళ్ళకు అప్పగించాడు. వాళ్ళ తరఫున వచ్చిన ఇంజనీరమ్మ పేరు హర్షిణి. నెత్తికి టోపీ, చేతులకు నీలం తొడుగులు, మాట నెమ్మది. ఆమె మొదట వచ్చింది గట్టయ్య బావి దగ్గరికే.

అద్దంలా అవతలికి కనబడే సన్నటి గొట్టం ఒకటి తాడు కట్టి బావిలోకి దించి, మెల్లగా పైకి తీసి అందరికీ చూపించింది. అడుగున నీళ్ళు, వాటి మీద బెత్తెడు మందాన పచ్చటి డీజిల్. అందరూ నోళ్ళు తెరిచారు. మోటరు ఎన్నాళ్ళుగా నడుస్తున్నదని ఆమె అడిగితే, వాసన వచ్చిన నాటి నుంచి ఒక్క పూట కూడా ఆపలేదని గట్టయ్య ఛాతీ విరిచి చెప్పాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు. ఆమె తానే పోయి స్విచ్చి ఆపింది.

"మీరు నీళ్ళు గుంజినకొద్దీ టాంకు కింద ఉన్న డీజిల్ మీ బావి దిక్కే వస్తుంది అంకుల్. ఊరుకుని ఉంటే ఇంత వచ్చేది కాదు," అని, ఆ తోడిన నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయని అడిగింది.

గల్లీ అంతా అక్కడే ఉంది. పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా తననే చూస్తున్నారు. ఇన్నేళ్ళ కొలువులో పంపు గురించి గట్టయ్యను తప్పుపట్టినవాడు లేడు. ఆ ఒక్క నిమిషం గడిచిపోతే చాలనుకుని, నోటికి వచ్చిన మాట అనేశాడు.

"నిమ్మచెట్లకు పెట్టిన బిడ్డా. గంతే."

హర్షిణి మిట్ట మీద పచ్చగా ఉన్న చెట్ల వైపు ఒకసారి చూసి, వాటికేమీ కాలేదంటే ఆ నీళ్ళతో డీజిల్ పెద్దగా పోలేదనుకుని, సరేనని తన పనిలో పడింది. బంకు చుట్టూ, గల్లీ పొడుగునా సన్నటి బోర్లు వేసి తెల్ల పైపులు దించింది. వారానికోసారి వచ్చి ఆ పైపుల్లో నీళ్ళు తీసి చూసుకునేది. మోటరు ఇంకెప్పుడూ వేయవద్దని గట్టయ్యకు గట్టిగా చెప్పింది. ఆయన పైపు చుట్టి అటకెక్కించాడు. ఆ రోజు నుంచి ఇల్లంతా నిశ్శబ్దం. సారవ్వ హాయిగా టీవీ పెట్టుకుంది, ఆయన మాత్రం గోడ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ లేని చప్పుడు కోసం చెవి పెట్టేవాడు.

చలి మొదలయ్యే వేళకు సర్వరీ బేగం మడుల్లో కొత్తిమీర వాడింది. ఆకుల అంచులు కాల్చినట్టు మాడిపోయాయి. తర్వాత పాలకూర. మార్కెట్లో కట్ట కొన్నవాళ్ళు వాసన చూసి మొహాన కొట్టి పోయారు. హర్షిణి వచ్చి ఆమె బావిలో గొట్టం దించితే అందులోనూ డీజిల్ తేలింది. కాని గట్టయ్య ఇంటికి, ఆ బావికి నడుమ వేసిన బోర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. బంకు పల్లంలో ఉంది, బావి మిట్ట మీద ఉంది. ఇక్కడ భూమిలోని నీళ్ళు పోయేది కిందికి, గంగ దిక్కుకు.

"డీజిల్ తనంతట తాను మిట్ట ఎక్కదు. ఇది బంకు నుంచి వచ్చినట్టు లేదు, ఇక్కడే దగ్గరలో ఎక్కడో పడి ఉండాలి," అంది హర్షిణి.

ఆమె ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం కూడా లేకపోయింది. తలలన్నీ అబూబకర్ షెడ్డు వైపు తిరిగాయి. సామాను విప్పితే డీజిల్‌లో కడగడం మెకానిక్కుల అలవాటు. షెడ్డు ముందు నేల ఏళ్ళ తరబడి నల్లబడి ఉంది. బంకు మేనేజరు అయితే పైకే అన్నాడు, ఎవడో చేసిన గలీజు తమ సేటు ఎందుకు కడగాలని. నిర్ణయం హర్షిణి చేతిలో లేదు. బంకుతో ముడిపడని బావిని శుభ్రం చేసే పనిలో కలపడానికి రాదని, ఇంకా పరీక్షలు చేసుకోవాలంటే విడిగా చేయించుకోవాలని చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

ఆ గుంపులో గట్టయ్య కూడా ఉన్నాడు. డీజిల్ తనంతట తాను మిట్ట ఎక్కదన్న మాట ఆయన చెవిన పడింది. అవును, ఎక్కదు. ఎక్కించింది తనే.

అప్పుడే నోరు విప్పి ఉంటే కథ అక్కడితో ముగిసేది. విప్పుదామనే రెండడుగులు ముందుకు వేశాడు కూడా. ఈలోపు సర్వరీ బేగం షెడ్డులోకి పోయి కొడుకు పనిముట్ల పెట్టె ఈడ్చుకొచ్చి గల్లీలో బోర్లించింది. పానాలు, స్క్రూడ్రైవర్లు, సాకెట్లు రాళ్ళ మీద పడి గలగలమంటూ దొర్లాయి. తాను ఒక్క చుక్క కూడా నేల మీద పోయలేదని, వాడిన డీజిల్ డబ్బాలో పట్టి మళ్ళీ వాడుకుంటానని అబూబకర్ మొత్తుకున్నాడు. ఆమె వినలేదు. మొగుడు పోసిన మడులు కళ్ళముందే మాడిపోయిన ఆడమనిషి, ఆమెకు ఎవరో ఒకరి మీద కోపం కావాలి. దొరికింది కొడుకు.

"నీ అబ్బ తవ్విన బాయిరా అది. నీ షెడ్డు నాకొద్దు, నువ్వు గూడ నాకొద్దు," అంది.

ఒక పానా పల్లానికి దొర్లుతూ వచ్చి గట్టయ్య ఇంటి గోడకు తగిలి ఆగింది. అప్పటికే వెనక్కి తగ్గి తన గోడ దగ్గరికి చేరిన ఆయన దాన్ని తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అబూబకర్ ఒక్కొక్కటే ఏరుకుంటూ ఆయన దాకా వచ్చి చెయ్యి చాచాడు. ఆ ముప్పయ్యేళ్ళ మనిషి కళ్ళలో నీళ్ళు చూసి కూడా గట్టయ్య పానా ఇచ్చాడే గాని నిజం చెప్పలేకపోయాడు. మరునాడు అబూబకర్ భార్య షబీనాను వెంటపెట్టుకుని ఇంకో బొగ్గు గనుల ఊరు గోలేటికి వెళ్ళిపోయాడు. అక్కడ ఎవరో కాంట్రాక్టరు వర్క్‌షాపులో పని దొరికిందట. షెడ్డు రేకు తలుపుకు తాళం పడింది.

ఇక అప్పటి నుంచి గట్టయ్య అవస్థ చెప్పతరం కాదు. అంతకుముందు కూర్చోలేని మనిషి, ఇప్పుడు నిలబడలేకపోయాడు కూడా. మిట్ట మీదికి పోయేవాడు, సగం దారిలో తిరిగి వచ్చేవాడు. పని లేకపోయినా చౌరస్తా దాకా షేరాటో ఎక్కి, దిగి, మళ్ళీ అదే ఆటోలో వచ్చేవాడు. పాత దోస్తులు చాయ తాగుదామని ఆపితే గ్లాసు సగం తాగి లేచిపోయేవాడు. ఒకనాడు పార పట్టుకుని గుంత దగ్గరికి పోయి, పైపు కొస పడ్డ చోట మట్టి కప్పాడు. కప్పుతుంటే తడి మన్నులోంచి డీజిల్ వాసన గుప్పున కొట్టింది. మడుల అవతల సర్వరీ బేగం ఒక్కతే మాడిన కూర మొక్కలు పీకి కుప్ప పోస్తున్నది. ఆయన్ని చూసి, ఈ ఎండలో నీకు అక్కడేం పని గట్టన్నా, ఇంట్లోకి వచ్చి నీళ్ళు తాగిపో అని పిలిచింది. ఆయన వినబడనట్టు నటించి కంపల్లో పడి నడిచి వచ్చేశాడు. కాళ్ళ నిండా ముళ్ళు గీసుకుపోయాయి.

చెప్పకపోవడానికి కారణాలు ఆయనకు లేకపోలేదు. చెబితే బంకు వాళ్ళు తప్పంతా తన మీదికే తోస్తారు. కేసు పెడతారు. గల్లీలో అందరూ నవ్వుతారు, ఇన్నేళ్ళు పంపు నడిపినవాడికి నీళ్ళు ఎక్కడ పోయాలో తెలియలేదని. ఇవన్నీ ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. చీకట్లో తన రెక్క పట్టి లాగిన మన్సూర్ ఇంటికి తాను చేసిన పని ఇది. సర్వరీ బేగం ముందు నిలబడి ఆ మాట అనడానికి ఆయనకు దమ్ము చాలలేదు. పిరికితనమే అది, దానికి వేరే పేరు పెట్టడం ఎందుకు.

సారవ్వకు సంగతి తెలియదు గాని, ఏదో ఉందని తెలిసింది. మోటరు బంద్ చేసినా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మొగుణ్ణి చూసి చూసి ఒకనాడు అడ్డం నిలబడింది.

"నీ కడుపుల ఏదో ఉన్నది. నాకు చెప్తే చెప్పు, లేకపోతే ఎవ్వరికి చెప్పాల్నో వాళ్ళకు చెప్పు. గిట్ల తిరిగితె మాత్రం తెల్లారకముందే సస్తవ్," అంది.

ఆయన చెప్పులు వేసుకుని బయటపడ్డాడు. బయట, మొరం నింపుకున్న ట్రాక్టరు ఒకటి మూలుగుతూ మిట్ట ఎక్కుతున్నది. దాని వెనక మున్సిపాలిటీ మనుషులు ఇద్దరు. ఎక్కడికని అడిగితే, సర్వరీ బేగం బావికన్నారు. పాడైన బావి తెరిచి ఉంచితే ప్రమాదమని, పూడ్చేయడానికి ఆమె కూడా ఒప్పుకుందని చెప్పారు. హర్షిణి కూడా వచ్చి ఉంది, పూడ్చేముందు ఆఖరిసారి నీళ్ళు తీసుకోవడానికి.

గట్టయ్య ఆ కుంటి కాలుతో మిట్ట మీదికి ఉరికాడు. ట్రాక్టరును దాటి, రొప్పుతూ పోయి, బావి గట్టు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. బావి పక్కన సర్వరీ బేగం చేతులు కట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా ఉంది. ట్రాక్టరు డ్రైవరు హారన్ కొట్టాడు. గట్టయ్య కదలలేదు.

"పూడ్సకుండ్రి. దీంట్లకు నూనె షెడ్డు నుంచి రాలే. నేను పోసిన. నా బాయి నీళ్ళన్ని పైపేసి వెనక గుంతల పోసిన," అన్నాడు.

ఎవరికీ మొదట అర్థం కాలేదు. హర్షిణికి అర్థమైంది. నిమ్మచెట్లకని ఆ రోజు ఎందుకన్నారని అడగలేదు, గుంత చూపించమంది, అంతే. ఆయన ముందు నడిచి తుమ్మలు పక్కకు వంచి చూపించాడు. ఆమె మనుషులు చేతి బరమాతో గుంతలో తవ్వితే, పైన కప్పిన మట్టి కింద నుంచి నల్లటి తడి మన్ను వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకోవలసిన అవసరం కూడా రాలేదు. గుంతకు, బావికి నడుమ ఇంకో రెండు చోట్ల తవ్వి చూశారు. అక్కడా అదే వాసన.

బంకు మేనేజరు సంగతి విని ఉరికివచ్చాడు. ఇంకేం, ముసలాయన ఒప్పుకున్నాడు కాబట్టి ఈ బావి ఆయన నెత్తి మీదే అన్నాడు. హర్షిణి తొడుగులు విప్పుకుంటూ, పైపు ఆయనది కావచ్చు గాని డీజిల్ మీ టాంకుదే కదా అంది. దాంతో వాడు పక్కకు పోయి సేటుకు ఫోను కలిపాడు. గుంతలో మన్నంతా ముందు ఎత్తివేయాలని, ఆ తర్వాత బావిలో తేలేదాన్ని సన్న గొట్టంతో కొంచెం కొంచెంగా తీయాలని, తొందరపడితే మళ్ళీ మొదటికి వస్తుందని ఆమె మున్సిపాలిటీ వాళ్ళకు చెప్పింది. ఏడాది పట్టవచ్చు, ఎక్కువ కూడా పట్టవచ్చు, బావి మాత్రం దక్కేలాగే ఉందంది. ట్రాక్టరు వెనక్కి తిరిగింది.

అందరూ పోయాక గట్టయ్య, సర్వరీ బేగం మిగిలారు. ఆయన తలెత్తకుండా మడుల గట్టు మీద నిలబడి ఉన్నాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె ఆ గుంత వైపు చూసి ఆయన వైపు తిరిగింది.

"నూనె సంగతి ఇడ్సిపెట్టు. నువ్వు తెల్వక పోసినవ్. నా కొడుకు సామాన్లు నేను గల్లీల పారేసిన్నాడు, నువ్వు మీ గోడ కాడ్నే ఉన్నవ్ గదా?"

"ఉన్న చెల్లె."

"నేను పొమ్మన్నది ఇన్నవ్ గదా?"

"ఇన్న."

"నువ్వే పోసినవని అప్పటికే తెలుసా నీకు?"

ఆయన తల ఊపాడు.

ఆమె ఇంట్లోకి పోయింది. ఇక బయటికి రాదనుకుని ఆయన కదలబోతుంటే ఫోను పట్టుకుని వచ్చింది. కొడుకు గోలేటి పోయిన నాటి నుంచి ఆమె ఒక్కసారి కూడా వాడికి ఫోను చేయలేదు. వాడూ చేయలేదు. ఇద్దరిదీ మన్సూర్ పట్టుదలే. ఆమె నంబరు నొక్కి, చెవికి పెట్టుకోకుండా దాన్ని గట్టయ్య చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు," అంది.

ఆయన దాన్ని చెవికి పెట్టుకున్నాడు. ఫోను మోగింది. రెండోసారి మోగకముందే అవతల ఎత్తారు. వెనకాల ఏవో యంత్రాల రొద, దాని మధ్యలోంచి అబూబకర్ గొంతు ఆత్రంగా, చిన్నపిల్లవాడి గొంతులా వచ్చింది.

"అమ్మీ? బోలో అమ్మీ..."

ఆ పిలుపు తన కోసం వచ్చింది కాదు. సర్వరీ బేగం ఆయన మొహంలోకే చూస్తున్నది.

"అమ్మ కాదు బిడ్డా, నేను గట్టయ్య కాకను. మీ బాయిని ఖరాబు జేసింది నేను. నీకు పానా ఇచ్చిన్నాడు గూడ నాకు ఎరికే."

అవతల యంత్రాల రొద వినిపిస్తూనే ఉంది. ఆయన ఫోను చెవికి పెట్టుకుని, వాడేమంటాడోనని ఆ మడుల గట్టు మీద కదలకుండా నిలబడ్డాడు.